ఎండుచేప తండ్రి పేరు

మా ఉద్దానం వైపు ప్రభుత్వం తొంగి చూడదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మా బావ మోకాళ్ళ నొప్పుల గురించి ప్రభుత్వం దగ్గర ఏడాది పొడుగునా కాగితాలు ఉండేవి. తేదీలవారీగా, పొడి సంతకంతో, ఊదారంగు ముద్రతో సహా. సొంత బావమరిదిని, నేను కూడా అంత శ్రద్ధ పెట్టలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో పలాసలో నెట్ సెంటర్ పెట్టాను. నాలుగు కంప్యూటర్లు, నాలుగు ప్లైవుడ్ గదులు, గదికో సగం తలుపు. గంటకు ముప్ఫై రూపాయలు. లైను కలిసేటప్పుడు మోడెం చేసే గోలకు పక్కనున్న టీ కొట్టు ఆయన "మళ్ళీ పిల్లిని తొక్కీసినావేటయ్యా" అని రోజూ అడిగేవాడు. వచ్చేవాళ్ళలో సగం మంది పరీక్షల ఫలితాల కోసం, మిగతా సగం ఛాటింగ్ కోసం. ఒకటో గదిలో జీడిపప్పు ఫ్యాక్టరీ గుమాస్తా లండన్ అమ్మాయిగా మారి కబుర్లు చెప్పేవాడు. ఆ లండన్ అమ్మాయి మీద మనసు పడినవాడు మూడో గదిలో కూర్చునేవాడు. ఇద్దరి దగ్గరా గంట లెక్కన తీసుకుంటున్నాను కాబట్టి ఆ ప్రేమకు నేను అడ్డు రాలేదు.

అయినా పేరు దాచుకోవడం మాకు కంప్యూటర్ నేర్పిన విద్య కాదు. మా అక్క పెళ్ళయిన రోజు నుంచి బావ పేరు పలికి ఎరుగదు. పలికితే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందని మా వైపు నమ్మకం. ఓటర్ల లిస్టు రాయడానికి మాస్టారు వస్తే బావ పేరు పక్కింటావిడ చెప్పేది, పక్కింటాయన పేరు మా అక్క చెప్పేది. ఏళ్ళ తరబడి ఈ ఏర్పాటు ఒక్క తప్పు లేకుండా నడిచింది. ఇంటర్నెట్టు వచ్చి మాకు కొత్తగా ఒరగబెట్టింది ఏమీ లేదు.

బావ లారీ డ్రైవరు. జీడిపప్పు లోడు వేసుకుని నెలకు మూడు నాలుగు సార్లు బరంపురం వెళ్ళేవాడు. అప్పటికి ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఊరంతా ఉండేది, ఏ ఇంట్లోనూ ఉండేది కాదు. అడిగితే "గ్యాసు" అనేవారు. ఒప్పుకుంటే పనికి పిలవరు, ఆ ఇంటికి సంబంధాలు రావు. బావకు ఆ జబ్బు మొదలైందని తెలిసినవాళ్ళం ముగ్గురమే: బావ, అక్క, నేను. లారీ ఓనరుకు తెలిస్తే మర్నాడే ఇంకొకణ్ణి స్టీరింగ్ ముందు కూర్చోబెడతాడు. ఆ స్టీరింగ్ తిరిగితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. అందుకని బావ బరంపురంలోనే రక్తపరీక్ష చేయించుకునేవాడు. చీటీలో అంకె చూసుకుని, బుర్రలో పెట్టుకుని, ఇచ్ఛాపురం దాటేలోపు చీటీని ఏదో హోటల్ పొయ్యిలో పడేసేవాడు. కిడ్నీ ఎంత పాడైందో చెప్పే ఆ అంకెను మావాళ్ళు పాయింట్లు అనేవారు. పాయింట్లు ఎంత పెరిగితే అంత చేటు.

ఆ పాయింట్ల కోసమే ఒక మెయిల్ గ్రూపు ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు. అందులో ఎవరికీ సొంత పేరు లేదు. కొబ్బరాకు, జీడిపిక్క, చింతబొట్ట, ఇలా ఉండేవారు. బావ పేరు పనసతొన. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవారు. "పనసతొన. పాయింట్లు 2.1. కాళ్ళు పొంగలేదు. ఆకలి పరవాలేదు." ఇంతే ఉత్తరం. టైపు చేయడం నేనే నేర్పాను. స్టీరింగ్ పట్టే వేళ్ళు కదా, ఒక్కో అక్షరాన్ని హారన్ నొక్కినట్టు నొక్కేవాడు.

వీటికి జవాబు రాసే మనిషి ఒకడు ఉండేవాడు. అతని పేరు ఎండుచేప. టెక్కలి చుట్టుపక్కల ఎక్కడో పనిచేసే సర్కారు డాక్టరని అందరి అనుమానం. ఎందుకంటే అతను ఎన్నడూ "నా క్లినిక్‌కి రండి" అని రాయలేదు. సర్కారు ఉద్యోగి ఈ జబ్బు గురించి బయట నోరు విప్పితే పైవాళ్ళు సంజాయిషీ అడుగుతారని అతని భయం కావచ్చు. "ఉప్పు తగ్గించు. కొబ్బరినీళ్ళు మానెయ్. నొప్పి మాత్ర ముట్టుకున్నావా, నిన్ను నువ్వే చంపుకున్నట్టు." కొబ్బరితోటల మధ్య బతికేవాణ్ణి కొబ్బరినీళ్ళు తాగవద్దనడం, అదీ ఎండుచేప అని పేరు పెట్టుకుని ఉప్పు వద్దనడం! బావకు మాత్రం అతనంటే ప్రాణం.

"ఆడు తిడతన్నాడ్రా నన్ను," అని మురిసిపోయేవాడు. "పేరు తెల్దు, ఊరు తెల్దు, మా నాన్న తిట్టినట్టే తిడతన్నాడు."

లారీ డ్రైవర్లకు మోకాళ్ళ నొప్పులు మామూలే. మందుల షాపులో చిల్లరకు దొరికే మాత్ర ఒకటి వేసుకుంటే రాత్రికి హాయిగా ఉంటుంది. ఎండుచేప తిట్లకు భయపడి బావ ఆ మాత్ర మానేసి, అక్క చేత ఆముదం రాయించుకునేవాడు. ఏడాదికి పైగా బావ పాయింట్లు రెండు దగ్గరే నిలబడ్డాయి. అక్క ఎండుచేప కోసం చర్చిలో ప్రార్థన చేయించింది. పేరు చెప్పమని పాస్టరు గారు అడిగితే "దేవుడికి తెలుసు లెండి" అందట.

గ్రూపులో డబ్బు కూడా తిరిగేది, అయితే నోటు కనిపించేది కాదు. ఎవరికైనా విశాఖ ఆసుపత్రికి వెళ్ళడానికి చార్జీలు లేవంటే, పేరు చెప్పని పుణ్యాత్ములు సెల్‌ఫోన్ రీచార్జి కార్డు గీకి, ఆ పొడవాటి నంబరు గ్రూపులో పెట్టేవారు. ఆ నంబరు నా దగ్గరకు తెస్తే ఇంకొకరి ఫోన్‌లో ఎక్కించి, వందకు తొంభై చేతిలో పెట్టేవాణ్ణి. మిగతా పది నా సమాజసేవకు.

ఇంత చక్కగా నడుస్తున్న లోకం మీద ప్రభుత్వం చూపు పడింది. అడవిలో ఉన్న అన్నలు నెట్ సెంటర్లలో మెయిళ్ళు పంపుకుంటున్నారని ఎవరో పైవాళ్ళకు కల వచ్చింది. సగం తలుపులు పీకించారు. లండన్ అమ్మాయి, ఆమె ప్రియుడు మొదటిసారి ఒకరి కంప్యూటర్ ఒకరు చూసుకుని, మళ్ళీ మా సెంటర్ గడప తొక్కలేదు. వచ్చిన ప్రతి మనిషీ పేరు, తండ్రి పేరు, ఊరు రిజిస్టర్లో రాసి, గుర్తింపు కార్డు జిరాక్సు ఇవ్వాలన్నారు.

మా జనానికి గుర్తింపు కార్డు అంటే రేషన్ కార్డు. అది ఇంటికొకటే. దాని మీద ఇంటి పెద్ద పేరే పైన ఉంటుంది. ఒక ఊరి కుర్రాళ్ళు తెచ్చిన కార్డులో ఇంటి పెద్ద వాళ్ళ నాయనమ్మ, ఎనభై ఏళ్ళ మనిషి. ఆ జిరాక్సు నా సొరుగులో ఉండిపోయింది. ఇక కార్డు మరిచిపోయి వచ్చినవాడల్లా ఆ నాయనమ్మే. ఫలితాలు చూసుకునేదీ ఆవిడే, ఉద్యోగాలకు అప్లై చేసేదీ ఆవిడే, బావ తరఫున పాయింట్లు రాసేదీ ఆవిడే. కార్డు అడిగి పంపేస్తే గిరాకీ పక్క సెంటర్‌కి పోతుంది కదా.

ఒక రోజు స్టేషన్ నుంచి రైటరు గారు వచ్చారు. ఏ స్టేషనో చెప్పను. అజ్ఞాతవాసం నాకూ అబ్బింది. రైటరు అంటే స్టేషన్లో కాగితం పని అంతా చూసే కానిస్టేబులు. కళ్ళజోడు, చంకలో ఫైలు, చెవి మీద పెన్ను. రెండో గదిలో ఎవరో ప్రింటు తీసుకుని మరిచిపోయిన కాగితం ఆయనకు దొరికింది.

"ఏటిది?" అన్నారు. "పనసతొన రెండు పాయింట్ ఒకటి. జీడిపిక్క ఏడు పాయింట్ మూడు. ఏడు లచ్చల ముప్పై వేలేటి? కిందన ఈ పొడుగు నంబరేటి? వచ్చీవారం విశాఖలో రక్తం కడుగుతారా? ఎవుడి రక్తం?"

"జబ్బు సార్. కిడ్నీ జబ్బు. రక్తపరీక్షలో వచ్చే అంకెలవి."

"జబ్బయితే పేరెందుకు దాసుకుంటారు? జబ్బు నేరమేటి?"

మొత్తం ప్రభుత్వంలో ఆ మంచి ప్రశ్న అడిగినవాడు ఆయనొక్కడే, అదీ దర్యాప్తులో భాగంగా.

తర్వాత రిజిస్టర్ తిప్పారు. నాయనమ్మ ఒకే రోజు ఒకే గంటలో నాలుగు కంప్యూటర్ల ముందు కూర్చున్నట్టు తేలింది. జీపు వేసుకుని ఆవిడ ఊరు వెళ్ళారు. ఆవిడ అరుగు మీద జీడిపిక్కలు కొడుతోంది. అరచేతులు జీడి రసానికి నల్లగా కాలిపోయి ఉన్నాయట. ఇంటర్నెట్టు గురించి అడిగితే "అది మా కోటాలో ఇవ్వనేదు బాబూ, కిరసనాయిలు కూడా రెండ్నెల్ల నుండి ఇవ్వనేదు" అని ఎదురు ఫిర్యాదు చేసింది. రైటరు గారు ఆ కోపమంతా తెచ్చి నా మీద దింపారు.

"దొంగ రిజిస్టరు. కేసు రాస్తే నీ కొట్టుకి తాళమే. నేకపోతే సెప్పినట్టు సెయ్యి."

నేను చెప్పినట్టు చేశాను. ఎదురు తిరిగానని రాసుకుంటే ఇప్పుడు బాగుంటుంది కానీ, ఎదురు తిరగలేదు. కంప్యూటర్లకు తెచ్చిన అప్పు ఇంకా సగం ఉంది, నాకు భయం వేసింది.

ముందు పోలీసులను గ్రూపులో చేర్పించాలి. దానికి ఒక పేరు కావాలి. "నీకేటి తోస్తే అది పెట్టు" అన్నారు. మామిడితాండ్ర అని పెట్టాను. పాస్‌వర్డ్ స్టేషన్ ఫోన్ నంబరే. అది గోడ మీద బోర్డులో కూడా ఉండేది. మామిడితాండ్ర గారి మొదటి ఉత్తరాన్ని రైటరు గారు నిలబడి చెప్పారు, నేను టైపు చేశాను.

"శ్రీయుత ఎండుచేప గారు తమ పూర్తి పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, పనిచేయు స్థలము వెంటనే తెలియజేయగలరు."

"సార్, ఇలా అడిగితే ఎవరైనా చెప్తారా?"

"గవర్నమెంటు అడిగితే సెప్పరేటి?"

"గవర్నమెంటు అని అతనికి తెలీదు కదా సార్."

"తెలిత్తే సెప్తాడేటి?"

ఇంత తర్కం ముందు నేనెంత? మీట నొక్కి పంపేశాను. తండ్రి పేరు అడిగే అలవాటు మనకు ఉన్నంతగా ఇంకెవరికీ ఉండదు. అగ్గిపెట్టె అప్పు అడిగినా తండ్రి పేరు రాసుకుంటాం. ఎండుచేపకు తండ్రి పేరు అడిగిన దేశం మనది ఒక్కటే అయి ఉంటుంది.

ఆ మర్నాటి నుంచి ఎండుచేప లేడు. కొబ్బరాకు అడిగింది, జీడిపిక్క అడిగాడు, జవాబు లేదు. అర్థమైనవాళ్ళు జారుకున్నారు. నేను బావకు ఫోన్ చేసి "బావా, ఇంక గ్రూపులో రాయకు, అది పాడైపోయింది" అన్నాను. ఎలా పాడైందో చెప్పలేదు. "సర్లేరా" అన్నాడు. పాడైతే బాగవుతుంది కదా అనుకున్నాడేమో. లారీ పాడైతే అంతే కదా, కాసేపు ఆగి మళ్ళీ స్టార్ట్ చేసి చూస్తారు. ఇచ్ఛాపురంలో ఇంకో నెట్ సెంటర్ చూసుకుని, నాకు చెప్పకుండా రాస్తూనే ఉన్నాడు.

మామిడితాండ్ర పేరుతో గ్రూపు తెరిచి, వారానికోసారి కొత్త ఉత్తరాలన్నీ ప్రింటు తీసి స్టేషన్లో ఇవ్వడం నా డ్యూటీ. పేజీకి రెండు రూపాయల చొప్పున బిల్లు రాస్తే రైటరు గారు నవ్వి ఫైల్లో పెట్టుకున్నారు. ఆ పేజీలు నేను చదివేవాణ్ణి కాదు. ప్రింటర్ మీట నొక్కి, మొహం పక్కకు తిప్పుకుని, వచ్చిన కాగితాలు తిరగేసి కవర్లో పెట్టేవాణ్ణి. చదవకపోతే తప్పులో సగమే నాది అనుకునేవాణ్ణి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అన్నమాట. స్టేషన్లో మాత్రం ప్రతి పేజీ చదివి, "చూడబడినది" అని ముద్ర వేసి, కింద తేదీ వేసి, పొడి సంతకం పెట్టేవారు.

ఏడాది గడిచింది. అన్నలెవరూ దొరకలేదు. గ్రూపు మూతబడింది. ఎవరు తెరిచారో తెలియనట్టే ఎవరు మూశారో కూడా తెలియదు. ఆ తర్వాత నెలకే బావ కోటబొమ్మాళి దగ్గర లారీ పక్కకు ఆపి, స్టీరింగ్ మీద వాలిపోయాడు. కాళ్ళు స్తంభాల్లా పొంగి ఉన్నాయి. ఊపిరి అందడం లేదు. విశాఖలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

డాక్టరు పాత రిపోర్టులు అడిగాడు. జబ్బు ఎంత వేగంగా పెరిగిందో తెలిస్తే ఏం చేయాలో తెలుస్తుందట. పాత రిపోర్టులన్నీ ఇచ్ఛాపురం హోటళ్ళలో ఇడ్లీలు ఉడికించాయి. బరంపురం లాబ్‌లో బావ ప్రతిసారీ ఒక కొత్త పేరు చెప్పాడు. ఏ పేరు ఎప్పుడు చెప్పాడో గుర్తు తెచ్చుకునే స్థితిలో లేడు. ఉద్దానంలో పుట్టి పెరిగిన ఒక లారీ డ్రైవరు రక్తం లెక్క ఈ భూమి మీద ఒక్క చోటే భద్రంగా ఉంది. నేనూ అక్కా పొద్దున్న బస్సెక్కి స్టేషన్‌కి వెళ్ళాం.

"అది కాన్ఫిడెన్షియల్ ఫైలు," అన్నారు రైటరు గారు. "పనసతొన ఎవుడో తేలకుండా కాపీ ఇవ్వడానికి అవదు. ఆ పేరుతో రాసినోడు ఫలానా అని ఆడి పెళ్ళాం అర్జీ పెట్టాల. అప్పుడు ఇత్తాను."

అర్జీ పెడితే దాపరికం అయిపోయినట్టే. లారీ ఓనరు, స్టేషన్ వాళ్ళు ఒకే బెంచీ మీద టీ తాగుతారు. అక్క ఒక్క క్షణం నా వైపు చూసింది. "రాయండి బాబూ" అంది.

"మొగుడి పేరు?"

నేను చెప్పబోయాను. రైటరు గారు పెన్ను ఎత్తి ఆపారు. "నువ్వు కాదు. అర్జీదారు ఆవిడ. ఆవిడే సెప్పాల."

ఈసారి పక్కింటావిడ లేదు. అక్క గోడ మీద క్యాలెండర్ వైపు తిరిగింది. పద్నాలుగేళ్ళ కాపురంలో మొదటిసారి బావ పేరు అక్క నోట్లోంచి వచ్చింది. మొత్తం పేరు, ఇంటిపేరుతో సహా. మెల్లగా పలికింది కానీ ఒక్క అక్షరం కూడా మింగలేదు. తండ్రి పేరు, ఊరు చెప్పింది. తర్వాత పైట చెంగుతో పెదవులు తుడుచుకుంది. నాకు ఏడుపొచ్చింది.

రైటరు గారు రాయడం ఆపి కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

"ఈయనేటి పనసతొన? మోకాళ్ళ నొప్పులు తగ్గినాయేటమ్మా?"

అక్క బిత్తరపోయింది. "మీకెలాగ తెల్సు బాబూ?"

"సదివినాను కదా."

నిజంగా కనుక్కోవాలనే అడిగారు. ఏడాది పాటు వారం వారం చదివిన మనిషి, ఆ మాత్రం మమకారం ఉండదా? ఆ ముద్ర తీసి ఆయన నుదుటి మీద గుద్దాలనిపించింది. ఆ కాగితాలు కవర్లో పెట్టి తెచ్చిచ్చింది ఎవరో గుర్తొచ్చి, కూర్చునే ఉన్నాను.

ఆసుపత్రిలో డాక్టరు ఫైలు తిప్పుతూ ఆశ్చర్యపోయాడు. ఇంత వివరంగా రాసి పెట్టుకునే రోగి ఇంతవరకు తగల్లేదన్నాడు. ఎవరు రాసిపెట్టారని అడిగితే ప్రభుత్వం అన్నాను. జోక్ అనుకుని నవ్వాడు. తర్వాత వేలితో అంకెలు వెతుక్కుంటూ వెళ్ళి ఒక చోట ఆగాడు.

"2.1, 2.2, 2.1... ఇక్కడి దాకా బాగానే ఉంది. ఇక్కణ్ణించి 3.4, 4.8, 6.9. ఈ నెలలో ఏం జరిగింది?"

ఆయన వేలి కింద ఉన్న పేజీని అప్పుడు చదివాను. నా ప్రింటర్లోంచి వచ్చిన పేజీని, ఏడాది తర్వాత, మొదటిసారి.

"ఎండుచేప గారికి పనసతొన రాయునది. మూడు వారాలుగా మీ జవాబు లేదు. కోపమా? మోకాళ్ళ నొప్పులకు నిద్ర లేదు. షాపులో మాత్ర ఇచ్చాడు. ఒక్కటి వేసుకోవచ్చునా? మీరు కాకపోతే ఎవరైనా చెప్పండి."

కింద ఊదారంగు ముద్ర. చూడబడినది. తేదీ, పొడి సంతకం. తర్వాతి పేజీల్లోనూ అదే ప్రశ్న, మాత్రల సంఖ్య మాత్రం రెండయింది, మూడయింది. ప్రతి దాని కిందా ముద్ర ఉంది. డాక్టరుకు ఏం చెప్పానో గుర్తు లేదు. మాత్రలు వేసుకున్నాడని మాత్రం చెప్పి ఉంటాను.

వారానికి రెండుసార్లు విశాఖ వెళ్ళి రక్తం కడిగించుకుంటూ బావ ఇంకో రెండేళ్ళు బతికాడు. లారీ ఓనరు మర్నాడే కాదు, మూడో రోజు ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు, పాపం మంచివాడు. బావ పోయాక పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళ మధ్య అక్క అదే మాట మళ్ళీ మళ్ళీ అంది.

"నానే పేరు పలికీసినాను తమ్ముడా. స్టేసన్ల పలికీసినాను. పలక్కుండా ఉంటే ఉండీవోడు."

ఊళ్ళో వాళ్ళు అవునమ్మా అని తల ఊపారు. కాదని చెప్పగలిగినవాణ్ణి ఆ ఇంట్లో నేనొక్కణ్ణే. పేరు పలికినందుకు కాదు, పేరు అడిగినందుకు పోయాడని నాకు తెలుసు. ఆ అడిగిన ఉత్తరం ఎవరి వేళ్ళు టైపు చేశాయో అక్కకు ఇప్పటికీ చెప్పలేదు.